క్యూబు పరీక్ష ఫలితాన్ని సరిగ్గా చెప్పడం విద్యార్థికి ఎవరు, ఎక్కడ నేర్పాలి?

ప్రశ్న: కాంక్రీటు_పాఠం

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాల సివిల్ విభాగంలో 11 ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. మూడో సంవత్సరం విద్యార్థులకు కమ్యూనికేషన్ నేర్పే పనిలో ఇంగ్లీషు విభాగంతో పాటు మా విభాగం నుంచి కూడా ఒకరు ఉండాలని ఈ సెమిస్టరులో నిర్ణయించి, ఆ ఒకరిగా నన్ను వేశారు. ఇందులో నాకు శిక్షణ ఏదీ లేదు. అయితే గత నెలలో మా కాంక్రీటు ల్యాబులో జరిగిన ఒక సంగతి నన్ను చాలా ఆలోచింపజేసింది. ముందు అది చెప్పి, తర్వాత నా ప్రశ్న అడుగుతాను.

28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం రావలసిన ఎం20 మిశ్రమంతో పోసిన 150 మిల్లీమీటర్ల క్యూబులు మూడింటిని 28 రోజులు నీళ్ళలో ఉంచి, కంప్రెషన్ మిషను మీద పగలగొట్టాం. అవి వరుసగా 610, 594, 455 కిలోన్యూటన్ల దగ్గర పగిలాయి. బ్యాచిలో ఉన్న 22 మందీ రికార్డులు రాసి తెచ్చారు. ఒక్కొక్కటీ ఐదారు పేజీలు, చక్కని దస్తూరీ, గీతలు కొట్టిన పట్టికలు. అందరి చివరి వాక్యమూ ఒకటే: సగటు బలం చదరపు మిల్లీమీటరుకు 24.58 న్యూటన్లు, కావలసినది 20, కనుక కాంక్రీటు సురక్షితం.

కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఒక నమూనాలోని ఏ క్యూబు బలమూ సగటు కంటే 15 శాతానికి మించి ఎక్కువ గానీ తక్కువ గానీ ఉండకూడదు. ఉంటే ఆ నమూనా ఫలితమే చెల్లదు. మా మూడో క్యూబు సగటు కంటే దాదాపు 18 శాతం తక్కువ. అంటే 24.58 అనే అంకెకు విలువ లేదు. అచ్చులో కాంక్రీటును సరిగా కూరలేదా, క్యూబును మిషనులో వంకరగా పెట్టామా అని వెతకవలసిన సందర్భం అది. ఈ నియమం వాళ్ళకు తెలియనిది కాదు, థియరీ పరీక్షలో రాశారు. వైవాలో గుచ్చి గుచ్చి అడిగితే ఇద్దరు తాము ఆ తేడాను గమనించామన్నారు. మరి రికార్డులో ఎందుకు రాయలేదని అడిగితే ఒకడు ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుకొస్తోంది: ‘రిజల్టు అన్న చోట అంకె వేయడానికే ఖాళీ ఉంది సార్, ఇది రాయడానికి చోటు లేదు.’

ఈ పిల్లలందరూ మొదటి సంవత్సరంలో కమ్యూనికేషన్ ల్యాబు పూర్తి చేసినవారే. వారిలో కొందరు ఇంగ్లీషు బాగానే మాట్లాడతారు. కాబట్టి ఇది ఇంగ్లీషుకు సంబంధించిన లోపం కాదనీ, తమకు తెలిసినదాంట్లో అవతలివాడికి అవసరమైనదేదో తేల్చుకోలేకపోవడమే అసలు లోపమనీ నా అనుమానం. నా అనుమానం నిజమైతే దీన్ని నేర్పవలసింది భాషా ఉపాధ్యాయులా, మేమా? ల్యాబులోనే నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? తెలుగులో రాయించడం, చెప్పించడం మేలు చేస్తుందా, లేక రేపు ఉద్యోగాల వేటలో వాళ్ళను వెనక్కు లాగుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.


జవాబు 1: భాషాశాఖ

నేను మరో కళాశాలలో ఇంగ్లీషు బోధిస్తాను. మీ ప్రశ్నలో మా మీద కొంచెం చురక ఉంది, దాన్ని కాదనలేను. జేఎన్‌టీయూ పరిధిలోని కళాశాలల్లో మొదటి సంవత్సరంలో ఉండే ఇంగ్లీషు కమ్యూనికేషన్ ల్యాబులో మేము ఎక్కువ సమయం వినడం మీద, ఉచ్చారణ మీద, ఒక్క నిమిషం ఆగకుండా మాట్లాడే ఆట మీద గడుపుతాం. మూడో సంవత్సరపు ల్యాబులో రెజ్యూమె, గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ ఉంటాయి. నివేదిక రాయడమూ సిలబస్‌లో ఉంది. అయితే మేము ఇచ్చే అంశాలు సోషల్ మీడియా వల్ల లాభనష్టాలు, ప్లాస్టిక్ నిషేధం వంటివి. కారణం చాలా సాధారణమైనది: విద్యార్థి కాంక్రీటు గురించి రాస్తే అందులో తప్పేదో నేను పట్టుకోలేను. మీ 22 రికార్డులు నా దగ్గరకు వచ్చి ఉంటే, ఆర్టికల్స్ దిద్ది, దస్తూరీ బాగుందని మెచ్చుకుని, పూర్తి మార్కులు వేసి ఉండేదాన్ని. అందుకని మీ మొదటి ప్రశ్నకు నా జవాబు, ఇద్దరమూ కలిసి చేయవలసిన పని ఇది అని. ఆ చోటు మాత్రం మీ ల్యాబే.

ఇక భాష సంగతి. ఇది ఇంగ్లీషు లోపం కాదన్న మీ మాటతో సగమే ఏకీభవిస్తాను. మన పిల్లల ఇంగ్లీషు వాక్యాల అడుగున తెలుగు వాక్యం నడుస్తూ ఉంటుంది. ‘సిమెంటు తూచి, ఇసుక కలిపి, నీళ్ళు పోసి, అచ్చులో మూడు పొరలుగా నింపి, పొరకు 35 పోట్లు పొడిచి, మర్నాడు అచ్చు విప్పి నీళ్ళలో వేశాం’ అన్న వాక్యం తెలుగులో ఎంత సహజంగా ఉందో చూడండి. ‘తూచి, కలిపి, పోసి’ వంటి క్త్వార్థక క్రియలు ఎన్ని దండగా గుచ్చినా చివరనున్న ‘వేశాం’ అనే ఒక్క సమాపక క్రియ మొత్తాన్నీ మోస్తుంది. విద్యార్థి దీన్నే ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు ప్రతి ‘ఇ’కారం దగ్గరా ఒక ‘అండ్’ పుడుతుంది. ఐదో ‘అండ్’ దగ్గరకు వచ్చేసరికి ఎవరు ఏం చేశారో అతనికే తెలియదు. ఆ గందరగోళానికి భయపడి, ల్యాబు మాన్యువల్‌లో ఉన్న కర్మణి వాక్యాలను యథాతథంగా దించుకుంటాడు. మనం కాపీ అని పిలిచేదాంట్లో కొంత భాగం సోమరితనం కాదు, భయం. ఇది గుర్తించకపోతే వాళ్ళకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

రెండో సంగతి: తెలుగులో కారణాలన్నీ ముందు చెప్పి, ‘కాబట్టి’ అని తేల్చడం అలవాటు. దాని వల్లే అసలు సంగతి చివరికి పోతుందని చాలా కాలం అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. మన దినపత్రికలో ప్రమాద వార్త ఎక్కడ జరిగింది, ఎందరు గాయపడ్డారు అన్న వాక్యంతోనే మొదలవుతుంది. అది శుభ్రమైన తెలుగే. ముఖ్యమైనది ముందు చెప్పడం భాషకు చేతకాని పని కాదు. రికార్డు అనే రచనలో ఆ పని ఎవరూ అడగలేదు, అంతే.

ఇది పిల్లలకు చూపించడానికి నేను కొలంబియా వ్యోమనౌక ఉదంతాన్ని వాడతాను, ఎందుకంటే కల్పనా చావ్లా పేరు వాళ్ళందరికీ తెలుసు. 2003 జనవరి 16న ప్రయోగం జరిగిన 82 సెకన్ల తర్వాత ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కను తాకింది. నౌక ఇంకా ఆకాశంలో ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బను అంచనా వేసి, నాసా అధికారుల ముందు స్లైడ్లు పెట్టారు. వాటిలో ఒక స్లైడు శీర్షిక ధైర్యం చెప్పేలా ఉంది. తగిలిన ముక్క పరిమాణం 1920 ఘనపు అంగుళాలనీ, తమ దగ్గరున్న పరీక్షల సమాచారం 3 ఘనపు అంగుళాల ముక్కకు సంబంధించినదనీ (అంటే 640 రెట్లు తేడా) తెలిపే వాక్యం మాత్రం అదే స్లైడులో అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. ఫిబ్రవరి 1న ఏడుగురూ మరణించారు. స్లైడు ఒక్కటే ఈ ప్రమాదానికి కారణమని నేను చెప్పను, విచారణ సంఘమూ చెప్పలేదు. కానీ ఆ సంఘం అదే ఏడాది ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఈ స్లైడును, దాని మీద సమాచారాన్ని బొమ్మలుగా, పట్టికలుగా చూపే పద్ధతుల నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ చేసిన విశ్లేషణను అచ్చువేసింది. ఆ స్లైడును తిరగరాయమని విద్యార్థులకు ఇస్తే, పది నిమిషాల్లో దాదాపు అందరూ అడుగు వాక్యాన్ని పైకి తెస్తారు. మీ మూడో క్యూబు కూడా ఆ అడుగు వాక్యం లాంటిదే, కాకపోతే మీ పిల్లలు దాన్ని అడుగున కూడా రాయలేదు.

నా సూచన ఒక్కటే. ఒకే ఫలితాన్ని ముగ్గురికి రాయించండి: ఆ కాంక్రీటు పోసిన సైటు ఇంజనీరుకు ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు, ఇంటి యజమానికి తెలుగులో రెండు వాక్యాలు, ల్యాబు ఇన్‌ఛార్జికి మళ్ళీ పరీక్ష చేయించమని కోరుతూ ఒక చిన్న లేఖ. ముగ్గురికీ ఒకే మాట రాస్తే కుదరదని వాళ్ళకే తెలుస్తుంది. ఇంటి యజమానికి 24.58 తో పని లేదు. పై అంతస్తు వేయవచ్చా, ఆగాలా అన్నదే ఆయన ప్రశ్న.


జవాబు 2: నైట్‌షిఫ్టు

నేను అధ్యాపకుణ్ణి కాను. 31 ఏళ్ళు రసాయన కర్మాగారాల్లో షిఫ్టు ఇన్‌ఛార్జిగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. మేడమ్ గారు చెప్పిన స్లైడు పెద్దల సమావేశానికి సంబంధించినది. మా రంగంలో ప్రాణాలు తీసే రచన అంతకంటే చాలా చిన్నది. దాని పేరు లాగ్‌బుక్కు.

2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీలో పేలుడు జరిగి 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. ఆ రోజు ఒక యూనిట్‌ను తిరిగి నడపడం మొదలుపెట్టారు. రాత్రి షిఫ్టువారు టవరులోకి కొంత ద్రవాన్ని నింపి ఆపారు. ఎంత నింపారు, ఏ లైన్లు నిండాయి, ఇక చేయవలసినది ఏమిటి అన్న వివరాలు లేకుండా లాగ్‌బుక్కులో ఒకే ఒక్క పంక్తి రాసి వెళ్ళారు. పొద్దున్న కంట్రోలు గదికి వచ్చిన ఆపరేటరు చేతిలో ఉన్నది ఆ పంక్తి. తర్వాత టవరులోకి ద్రవం గంటల తరబడి వెళ్తూనే ఉంది, బయటకు వెళ్ళే దారి మాత్రం మూసి ఉంది. మట్టం చూపే పరికరం తప్పు చూపడం, అలారం మోగకపోవడం, పక్కనే మనుషులున్న ట్రైలర్లు ఉండడం వంటి కారణాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. అమెరికా రసాయన భద్రతా బోర్డు అవన్నీ వివరంగా రాసింది. షిఫ్టు మార్పిడిలో జరిగిన ఈ లోపాన్నీ ఆ జాబితాలో చేర్చింది.

నాదీ ఒక తప్పు చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక పంపు ప్రవాహం తగ్గుతోందని గమనించి, లాగ్‌బుక్కులో ‘పంపు-బి చూడవలెను’ అని రాసి ఇంటికి వెళ్ళాను. పంపులోకి చెత్త పోకుండా ఆపే జల్లెడను (స్ట్రెయినరు) విప్పి శుభ్రం చేయాలన్నది నా ఉద్దేశం. మర్నాడు వచ్చేసరికి ఆ పంపు బేరింగు కాలిపోయి ఉంది. తర్వాతి షిఫ్టు ఆపరేటరును కోప్పడితే, అతను ఎంతో వినయంగా, ‘చూడమన్నారు, చూశాం సార్. రెండుసార్లు చూశాం’ అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. ఆ తర్వాత నేను రాసిన ప్రతి పంక్తిలోనూ ఇప్పుడు స్థితి ఏమిటి, నేను ఎంతవరకు చేశాను, నువ్వు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నవి ఉండేలా చూసుకున్నాను. రాసి ఊరుకోకుండా, వచ్చినవారి చేత అదే విషయాన్ని వారి మాటల్లో తిరిగి చెప్పించుకునేవాణ్ణి. విమానాలకు సూచనలు ఇచ్చేవారూ పైలట్ చేత తిరిగి చెప్పించుకుంటారు.

మాస్టారూ, మీ మూడో ప్రశ్నకు కూడా నా దగ్గర జవాబు ఉంది. నా ప్లాంటులో అధికారులు ఇంగ్లీషులో రాసేవారు, ఆపరేటర్లు తెలుగులో మాట్లాడేవారు, కాంట్రాక్టు కార్మికుల్లో సగం మందికి హిందీయో ఒడియానో తప్ప మరొకటి రాదు. కొత్తగా చేరిన బీటెక్ కుర్రవాళ్ళు మేనేజరు ముందు ఇంగ్లీషులో తడబడితే దాన్ని ఆర్నెల్లలో సర్దుకునేవారు. ఫిట్టరుకు తెలుగులో పని పురమాయించడం చేతకానివారు మాత్రం ఏళ్ళు గడిచినా అలాగే ఉండేవారు. ‘వాల్వు ఐసోలేట్ చేసి డీప్రెషరైజ్ చెయ్’ అని నలుగురి ముందు చెబితే ఫిట్టరు తల ఊపుతాడు. అర్థమయిందో లేదో ఇద్దరికీ తెలియదు. ‘ముందూ వెనకా ఉన్న రెండు వాల్వులూ మూసెయ్, తర్వాత డ్రెయిను తెరిచి గేజి సున్నా చూపే దాకా ఆగు, అప్పుడు బోల్టు మీద చెయ్యి వెయ్’ అనడం ఒక విద్య. దాన్ని ఏ కళాశాలలోనూ నేర్పగా నేను చూడలేదు.


జవాబు 3: మూడు_సెక్షన్లు

పై ఇద్దరూ చెప్పినవి బాగానే ఉన్నాయి గానీ, నేల మీద నిలబడి మాట్లాడుకుందాం. మా దగ్గర ఒక్కో సెక్షనులో 66 మంది, నాకు మూడు సెక్షన్లు, అంటే 198 మంది. సెమిస్టరుకు 12 ప్రయోగాలు. ఒక్కో రచనను చదివి దిద్దడానికి పది నిమిషాలు చొప్పున వేసుకున్నా ఒక్క ప్రయోగానికే 33 గంటలు అవుతుంది. నా వారంలో అన్ని గంటలు లేవు.

అదీ కాక ప్లేస్‌మెంట్ల మాట ఎవరూ ఎత్తడం లేదు. తల్లిదండ్రులు సమావేశానికి వచ్చి అడిగేది తమ పిల్లవాడు ఇంగ్లీషులో ఇంటర్వ్యూ గట్టెక్కుతాడా లేదా అన్నదే. క్యూబు ఫలితం చెల్లదని మొదటి వాక్యంలో రాయగల విద్యార్థిని ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ అందుకోసం తీసుకుంటుంది? ఇంజనీరింగ్ పట్టాలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం 2014లో శాశ్వత సభ్యత్వం పొందింది; ఇంజనీరింగ్ పట్టభద్రుడికి కమ్యూనికేషన్ రావాలన్న నియమం కోర్సుల నాణ్యతకు గుర్తింపునిచ్చే అక్రెడిటేషన్ పత్రాల్లో ఉంది. దాన్ని మేము ఎలా నెరవేరుస్తున్నామో మీకూ తెలుసు. ఇంటర్నల్ మార్కులను ఎక్సెల్ పట్టికలో వేసి, ఇంత శాతం సాధించామని తేల్చి ఫైలు కడుతున్నాం. ఫైలు బాగుంటే తనిఖీ బృందం సంతోషంగా వెళ్తుంది. మీరు ల్యాబులో ఏం రాయించినా ఆ పట్టికలో ఒక్క గడి కూడా మారదు. నిరుత్సాహపరచాలని నా ఉద్దేశం కాదు, ఉన్నది ఉన్నట్లు చెబుతున్నాను.


జవాబు 4: భాషాశాఖ

మూడు సెక్షన్ల మాస్టారు గారికి: మీ లెక్క సరైనదే, కానీ అది ప్రతి రచననూ అధ్యాపకుడే మొదటి నుంచి చివరి దాకా దిద్దాలన్న నమ్మకం మీద ఆధారపడి ఉంది. నేను చాలా ఏళ్ళు అలాగే దిద్దాను. ఎర్ర సిరా ఎక్కువైన కొద్దీ పిల్లలు తప్పు పోని చిన్న చిన్న వాక్యాలకు దిగిపోయారు తప్ప బాగా రాయలేదు.

రెండు వాక్యాలే రాయించండి. ల్యాబు నుంచి వెళ్ళే ముందు ఒక చీటీ మీద, ఫలితం ఏమిటి, దాన్ని నమ్మి ఎవరు ఏం చేయవచ్చు అన్న రెండే వాక్యాలు. ల్యాబు బ్యాచి 22 మందే కాబట్టి ఆ చీటీలు చదవడానికి మీకు పావుగంట పడుతుంది. మిగిలినది వాళ్ళే ఒకరివి ఒకరు చూసుకుంటారు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర విభాగంవారు దీనికోసం ఒక పద్ధతిని రూపొందించారు. అందులో విద్యార్థి ముందుగా అధ్యాపకుడు అప్పటికే విలువ కట్టి ఉంచిన మూడు నమూనా రచనలకు మార్కులు వేయాలి. అతని మార్కులు అధ్యాపకుడి మార్కులకు దగ్గరగా వస్తేనే తోటివారి రచనలు దిద్దడానికి అర్హత వస్తుంది, చివరగా తన రచనకు తానే మార్కులు వేసుకుంటాడు. వాళ్ళు దాన్ని కంప్యూటరు మీద చేశారు, నేను జిరాక్సు కాగితాల మీద చేస్తున్నాను. మొదటి వారం స్నేహితులకు పదికి పది వేసుకుంటారు, దానికి సిద్ధపడండి. మూడో వారానికి, నమూనాల దగ్గర తమ అంచనా ఎందుకు తప్పిందో వాదించుకోవడం మొదలవుతుంది. నాకు కావలసింది ఆ వాదన.

ప్లేస్‌మెంట్ల విషయంలో మీతో వాదించను. అయితే ఇంటర్వ్యూలో మా విద్యార్థులు తడబడేది స్వపరిచయం దగ్గర కాదు, అది వాళ్ళకు కంఠతా వచ్చు. ‘నీ ప్రాజెక్టు ఏమిటో చెప్పు’ అన్న ప్రశ్న దగ్గర తడబడతారు.


జవాబు 5: తెలుగుమీడియం_వాడు

చాలా రోజులుగా ఇక్కడ చదువుతూ ఉన్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి. నేను జిల్లా పరిషత్ పాఠశాలలో చదివి, పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరాను. ప్రస్తుతం అమెరికాలో ఉక్కు వంతెనల మీద పనిచేస్తున్నాను. బీటెక్‌లో ఉన్న మూడేళ్ళూ సెమినారు రోజున జ్వరం తెచ్చుకున్న బాపతు నాది.

పరిశోధన చేస్తున్న రోజుల్లో మా విశ్వవిద్యాలయంలో మూడు నిమిషాల్లో తన సిద్ధాంత వ్యాసం చెప్పే పోటీ పెట్టారు. 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన పోటీ అది. ఒకే స్లైడు, కదలికలు ఉండకూడదు, మూడు నిమిషాలు దాటితే అనర్హులు. నేను రాసుకున్న ప్రసంగం ఏడు నిమిషాలు వచ్చింది. ఏది తీసేయాలో తోచలేదు, అన్నీ ముఖ్యమైనవిగానే కనిపించాయి. ఆ వారం ఫోనులో మా అమ్మ, ఇంతకీ నువ్వు చేసే పని ఏమిటని అడిగింది. వంతెనల ఇనుములో సన్నని పగుళ్ళు ఎలా పెరుగుతాయో లెక్క కడుతున్నానని చెప్పాను. ‘అయితే వంతెన ఎప్పుడు పడిపోతుందో చెప్తావా?’ అంది. ‘అది కాదమ్మా, పడిపోకముందే పగులు కంటబడాలంటే ఎన్నాళ్ళకోసారి వెళ్ళి చూడాలో చెబుతాను’ అన్నాను. ఫోను పెట్టేసిన తర్వాత గమనించాను, నా సిద్ధాంత వ్యాసంలోని 180 పేజీల్లో ఎక్కడా అంత సూటిగా ఆ మాట లేదు. పోటీలో నా మొదటి వాక్యం దాని ఇంగ్లీషు అనువాదమే. బహుమతి రాలేదు గానీ, నా గైడు ఆ వాక్యాన్ని వ్యాసం సారాంశంలో మొదట పెట్టించారు.

కాబట్టి తెలుగులో చెప్పించండి. రాకూడని పదాలు కొన్ని పెట్టి చెప్పించండి. అంటే ఇంగ్లీషు పదాలు రాకూడదని కాదు, చెప్పేవాడికే అర్థం కాని పదాలు రాకూడదని. ‘ఫెటీగ్’ అన్నా ఫరవాలేదు, కానీ అమ్మ ‘అంటే?’ అని అడిగితే జవాబు ఉండాలి. తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే కాసేపటికి తెగుతుంది కదా, అదీ అని నేను చెప్పాను.

ఒక్క విషయంలో మాత్రం అందరితోనూ విభేదిస్తాను. నా అధ్యాపకులు కొందరు, తెలుగు మీడియం పిల్లవాడు కదా అని జాలిపడి నా ఇంగ్లీషును దిద్దకుండా వదిలేశారు. అది దయ అని అప్పుడు అనుకున్నాను. ఇక్కడ నా మొదటి తనిఖీ నివేదికలో పగులు ‘పెరిగింది’ అనడానికీ ‘పెరుగుతోంది’ అనడానికీ ఇంగ్లీషులో తేడా చూపలేకపోయాను. ఒకటి పాత సంగతి, రెండోది వంతెన మూయవలసిన సంగతి. మా సీనియరు ఫోను చేసి, ఇందులో ఏది నిజమని అడిగారు. ఉచ్చారణ, ఆర్టికల్స్ వంటి వాటి మీద అంత పట్టుదల అక్కర్లేదు. కాలం, పరిమాణం, ఖచ్చితత్వం తెలిపే మాటల దగ్గర మాత్రం మొహమాటం లేకుండా దిద్దండి. తెలుగులో ఆలోచన తేల్చుకున్నాక ఇంగ్లీషులో రాయవలసిన పని అలాగే మిగిలి ఉంటుంది, దాన్ని ఎవరూ మాఫీ చేయరు.


కాంక్రీటు_పాఠం (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. మేడమ్ గారి చీటీ పద్ధతిని గడిచిన రెండు వారాలుగా ప్రయత్నిస్తున్నాను. రికార్డు నమూనా మార్చడానికి మా విభాగాధిపతి ఒప్పుకోలేదు; అది మాన్యువల్‌లో ఉన్నట్లే ఉండాలట. అందుకని చీటీని రికార్డు పేజీకి పిన్ను చేయిస్తున్నాం. మూడు సెక్షన్ల మాస్టారు చెప్పినట్లు పట్టికలో ఏ గడీ మారలేదు.

మొదటి వారం పాత క్యూబు అంకెలనే ఇచ్చి మళ్ళీ రాయమన్నాను. అంత చర్చ జరిగిన తర్వాత కూడా 22 మందిలో 9 మంది కాంక్రీటు సురక్షితమనే రాశారు. ఐదుగురు నియమం సంఖ్యతో సహా రాశారు గానీ ఫలితం చెల్లదన్న మాట రాయడానికి వెనుకాడారు. ఎందుకని అడిగితే, ఫలితం చెల్లదని రాస్తే ప్రయోగం సరిగా చేయలేదని మార్కులు తగ్గిస్తారేమోనని భయపడ్డామన్నారు. ఇది నేను ఊహించని జవాబు. చోటు లేకపోవడం కంటే ఇది పెద్ద అడ్డంకి, దీన్ని పెట్టినవాళ్ళం మేమే. తప్పిపోయిన ప్రయోగాన్ని తప్పిపోయిందని సరిగా రాసినవారికి పూర్తి మార్కులు ఇస్తానని అప్పటికప్పుడు ప్రకటించాను.

రెండో వారం, తడి కాంక్రీటు ఎంత కుంగుతుందో కొలిచే స్లంప్ పరీక్ష. ఒక జట్టు 300 మిల్లీమీటర్ల శంకువును పైకి తీయగానే కాంక్రీటు నిలువుగా కుంగకుండా ఒక పక్కకు జారి విరిగింది. అలా విరిగితే ఆ కొలతను వదిలేసి పరీక్ష మళ్ళీ చేయాలి. గత సంవత్సరం వరకు ఇలాంటప్పుడు స్కేలు పెట్టి, వచ్చిన అంకె వేసుకుని వెళ్ళిపోయేవారు, నేనూ చూసీ చూడనట్లు ఊరుకునేవాణ్ణి. ఈసారి ఆ జట్టులో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి తెలుగులో రాసిన చీటీ తెచ్చి ఇచ్చింది: ‘కాంక్రీటు పక్కకు జారి విరిగింది సార్, 110 అని వచ్చిన కొలతను ఎవరూ వాడవద్దు. ఇంకోసారి చేయడానికి అనుమతి ఇవ్వండి, ఈసారి నింపేటప్పుడు పొర పొరకూ పోట్లు నేను లెక్కపెడతాను.’

మేడమ్ గారూ, దీన్ని ఇంగ్లీషులో రాయించే బాధ్యత మీ విభాగంవారికి ఇస్తే ఏ వాక్యం దగ్గర మొదలుపెట్టమంటారు? తెలుగుమీడియం గారు కూడా చెబితే సంతోషిస్తాను. ఆ రోజు పరీక్ష మళ్ళీ చేసి, శంకువు కడిగి బయటకు వచ్చేసరికి కళాశాల బస్సు వెళ్ళిపోయింది. నలుగురినీ ఆటో ఎక్కించి పంపాను.